హంసకు లక్షన్నర.. పాలు పితికే పడుచుకు పాత కూలే!

క్రిస్మస్ పండక్కి పాడుకునే ఒక ఇంగ్లీషు పాటలో చెప్పిన కానుకలన్నీ నిజంగా కొనుక్కొస్తే ఎంత ఖర్చవుతుంది? పనీపాటా లేనివాళ్లు వేసుకునే ప్రశ్నలా ఉంది. కాని అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటా పనిగట్టుకొని ఈ లెక్క తేలుస్తోంది. 1984లో మొదలైన ఈ లెక్క నలభై ఏళ్లు దాటినా ఆగలేదు. 2025 సంవత్సరానికి తేలిన మొత్తం 51,476 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున కడితే 46 లక్షల రూపాయల పైమాటే. పాట ఖరీదు యాభైవేల డాలర్లు దాటడం ఇదే మొదటిసారి.

మన కోస్తా గ్రామాల్లో డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవ యువకులు నక్షత్రం లాంతరు పట్టుకొని, డోలకు వాయిస్తూ ఇంటింటికీ పాడుకుంటూ వెళతారు. వారికి ఇచ్చేది ఇన్ని టీలు, కాసిని బిస్కెట్లు, తోచిన చందా. ఆ లెక్కన చూస్తే అమెరికా వారి పాట మోయలేని బరువే. అయితే నవ్వుకోవడానికి మొదలుపెట్టిన ఈ లెక్కలో నవ్వు తెప్పించని అంకె ఒకటుంది. అది పాలు పితికే ఆడకూతుళ్ల కూలి.

పాట కథ

ఈ పాట పేరు ‘ది ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’. అంటే క్రిస్మస్ పన్నెండు రోజులు. 1780లో లండన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలో ఇది కనిపిస్తుంది. ఇప్పుడు అందరూ పాడే వరుసను 1909లో ఫ్రెడరిక్ ఆస్టిన్ అనే సంగీతకారుడు కట్టాడు. డిసెంబరు 25న మొదలుపెట్టి పన్నెండు రోజులపాటు ప్రియుడు ప్రియురాలికి రోజుకో రకం కానుక పంపుతాడు. ఎన్నో రోజైతే అన్ని. మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, చివరి రోజు పన్నెండు.

కానుకల పట్టీ చూస్తే పెళ్లివారి విడిదిల్లు గుర్తొస్తుంది. బేరిపండు చెట్టు మీద వాలిన కౌజుపిట్ట ఒకటి, గువ్వలు రెండు, ఫ్రెంచి కోడిపెట్టలు మూడు, కూతపిట్టలు నాలుగు, బంగారు ఉంగరాలు ఐదు, గుడ్ల మీదున్న పెద్దబాతులు ఆరు, ఈదుతున్న హంసలు ఏడు, పాలు పితికే పడుచులు ఎనిమిదిమంది, నాట్యమాడే స్త్రీలు తొమ్మిదిమంది, గంతులు వేసే దొరలు పదిమంది, సన్నాయివాళ్లు పదకొండుమంది, డోలువాళ్లు పన్నెండుమంది. ఇంతమందినీ ఇన్ని పిట్టలనూ ఆ ప్రియురాలు ఏ పెరట్లో కట్టేసుకుంటుంది, రాత్రికి వంట ఎవరు చేస్తారు అన్నది పాట రాసినవాడికి పట్టలేదు. బ్యాంకువారికీ పట్టలేదు. వారు కొనే ధర వరకే చూస్తారు, మేపే ఖర్చు లెక్కలోకి రాదు.

దేనికి ఎంత?

ఫిలడెల్ఫియాలోని ప్రావిడెంట్ నేషనల్ బ్యాంకు 1984లో తన ఖాతాదారులకు పండగ శుభాకాంక్షలతోపాటు సరదాగా ఈ లెక్క పంపింది. ఆ బ్యాంకు అప్పటికే పిట్స్‌బర్గ్ నగరం కేంద్రంగా ఉన్న పీఎన్‌సీ సంస్థలో కలిసింది. ఆనాటి నుంచి ‘క్రిస్మస్ ధరల సూచీ’ పేరుతో ఏటా ఇది వెలువడుతోంది. పిట్టల ధర పిట్టలవారిని, చెట్టు ధర నర్సరీవారిని, ఉంగరాల ధర నగల దుకాణాన్ని, ఆటపాటల రేటు ఆయా బృందాలను అడిగి తెలుసుకుంటారు.

2023 సంవత్సరపు పట్టీ విడివిడిగా చూస్తే ఇలా ఉంది. చెట్టుతో కలిపి కౌజుపిట్ట 319 డాలర్లు. ఇందులో పిట్ట ధర స్వల్పమే, బరువంతా చెట్టుదే. గువ్వల జత 750. కోడిపెట్టలు మూడూ 330. కూతపిట్టలు నాలుగూ 600 డాలర్లకు నాలుగు సెంట్లు తక్కువ. ఉంగరాలు 1,245. బాతులు 780. హంసలు ఏడింటికీ 13,125. నాట్యకత్తెలకు 8,308. గంతులేసే దొరలకు 14,539. సన్నాయివాళ్లకు 3,207. డోలువాళ్లకు 3,468. ఇక పాలు పితికే పడుచులు ఎనిమిదిమందికీ కలిపి అక్షరాలా 58 డాలర్లు. అన్నీ కలిపితే 46,729 డాలర్ల 86 సెంట్లు.

హంస ఒక్కటి 1,875 డాలర్లు పడింది. ఆనాటి మారకపు రేటు 83 రూపాయల చొప్పున లక్షన్నర దాటుతుంది. పాలివ్వని, పొలం దున్నని పక్షికి మన ముర్రా గేదెను మించిన ధర అన్నమాట. ఈ హంసల ధర ఒక్కోసారి కదలకుండా ఉంటుంది, కదిలితే మొత్తం లెక్కనే తలకిందులు చేస్తుంది. అందుకే బ్యాంకువారు హంసలను తీసేసి వేరొక లెక్క కూడా కడతారు. ప్రభుత్వాల ఆర్థికవేత్తలు ధరల పెరుగుదలను కొలిచేటప్పుడు తిండిగింజలు, చమురు ధరలను పక్కనపెట్టి ‘మూల ద్రవ్యోల్బణం’ అని ఒకటి చెబుతారు. ఇది దానికి పేరడీ. తిండి ధర తీసేసి ధరలు నిలకడగా ఉన్నాయంటే ఇల్లాలు నవ్వుతుంది. హంసను తీసేస్తే మాత్రం ఎవరికీ నష్టం లేదు.

364 కానుకలు

పాటలో మరో మెలిక ఉంది. రెండోరోజు గువ్వలు పంపినప్పుడు మొదటిరోజు కౌజుపిట్టను కూడా మళ్లీ పంపుతాడు. మూడోరోజు ఆ రెండింటితోపాటు కోళ్లు. ఇలా పన్నెండో రోజుకు కౌజుపిట్టలు చెట్లతో సహా పన్నెండు చేరతాయి. గువ్వలు ఇరవై రెండు, కోళ్లు ముప్పై, ఉంగరాలు నలభై, బాతులు నలభై రెండు, హంసలు నలభై రెండు. కూడితే మొత్తం కానుకలు 364. సంవత్సరానికి ఒక్కటి తక్కువ. ఆ లెక్కన 2023లో పాట ఖరీదు 2,01,972 డాలర్లు. మన డబ్బులో కోటీ అరవై ఏడు లక్షలు. నలభై రెండు హంసలు ఈదడానికి ఊరచెరువే కావాలి. ప్రియుడు చెరువు మాత్రం పంపలేదు.

నవ్వుల వెనుక పాఠం

ఈ తమాషా లెక్కను అమెరికాలో బడిపిల్లలకు ఆర్థికపాఠంగా కూడా చెబుతారు. కారణం, ప్రభుత్వాలు కట్టే ధరల సూచీలు కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి. ఒక బుట్టలో కొన్ని వస్తువులు పెట్టుకుంటారు. ఏటా అదే బుట్టను మళ్లీ కొంటే ఎంతవుతుందో చూస్తారు. కిందటేడు నూరు రూపాయలైన బుట్ట ఈ ఏడు నూట ఐదు అయితే ధరలు అయిదు శాతం పెరిగినట్టు. ప్రభుత్వాల బుట్టలో బియ్యం, నూనె, బట్ట, మందులు ఉంటాయి. పీఎన్‌సీ బుట్టలో హంసలు, దొరలు ఉన్నారు. తేడా అంతే.

దేశంలో జరిగేది ఈ వెర్రి బుట్టలోనూ కనబడుతుంది. 2022లో అమెరికాలో ధరలు మండిపోయాయి. ఆ ఏడు పాట ఖరీదు 10.5 శాతం పెరిగి 45,523 డాలర్లయింది. 2024లో 5.4 శాతం పెరిగి 49,263కు, 2025లో మరో నాలుగున్నర శాతం పెరిగి 51,476కు చేరింది. 2025 పెంపులో బంగారం వాటా చెప్పుకోదగ్గది. 2019లో 825 డాలర్లున్న అయిదు ఉంగరాలు 2025కు దాదాపు 1,650 అయ్యాయి. ఆరేళ్లలో రెట్టింపు. ఆడపిల్ల పెళ్లికి గొలుసు చేయించబోయి గాజుతో సరిపెట్టుకున్న మన రైతులకు ఈ సంగతి అమెరికా వారు చెప్పనక్కర్లేదు.

2020లో ఎవరు మిగిలారు?

ఈ నలభై ఏళ్లలో పాట ఖరీదు ఒక్కసారి కుప్పకూలింది. కరోనా వచ్చిన 2020లో 38,993 డాలర్ల నుంచి ఏకంగా 16,168కి పడిపోయింది. ధరలు తగ్గి కాదు. నాటకశాలలు మూతపడ్డాయి. నాట్యకత్తెలు, గంతులేసే దొరలు, సన్నాయివాళ్లు, డోలువాళ్లు దొరకలేదు. ఆ నాలుగు వరసలను పట్టీ నుంచి కొట్టేశారు. కళాకారుల పొట్ట కొట్టిన ఏడాది అది.

మనుషుల్లో ఆ ఏడాది పట్టీలో మిగిలినవారు ఒక్కరే. పాలు పితికే పడుచులు. దేశం తలుపులు మూసుకున్నా పశువు పొదుగు మూసుకోదు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పితకాల్సిందే. మన ఊళ్లలోనూ లాక్‌డౌన్ రోజుల్లో పాలక్యాన్లు ఆగలేదు. అంత అవసరమైన పనికి ఆ ఏడు వారికి వేసిన కూలి ఎంత? 58 డాలర్లు. అంతకుముందు ఏడూ 58. ఆ తరువాతా 58.

కదలని అంకె

ఎందుకిలా? నాట్యకత్తెల రేటు వారి బృందం చెబుతుంది. హంస రేటు అమ్మేవాడు చెబుతాడు. పాలు పితికే పడుచుల తరఫున రేటు చెప్పే వారు లేరు. కాబట్టి బ్యాంకువారు చట్టప్రకారం కనీస వేతనం వేసుకుంటారు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు ఏడు డాలర్ల పాతిక సెంట్లు. ఎనిమిదిమందికి ఒక్కో గంట చొప్పున 58.

ఈ ఏడుంపావు డాలర్లు 2009 జూలై 24న అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి 2025 దాకా ఒక్క సెంటు పెరగలేదు. 1938లో అమెరికాలో కనీస వేతన చట్టం వచ్చిన తరువాత ఇంతకాలం పెంచకుండా ఉంచడం ఎన్నడూ లేదు. అదే కాలంలో ధరలు నిలబడ్డాయా అంటే లేదు. 2009 నుంచి 2024కు అక్కడి వినియోగదారుల ధరల సూచీ దాదాపు 46 శాతం పెరిగింది.

గంటకు ఏడు డాలర్లంటే మన లెక్కలో ఆరువందల రూపాయలు కదా, అది తక్కువా అని ఎవరికైనా అనిపించవచ్చు. కూలిని మారకపు రేటుతో కాక, కొనగలిగిన సరుకుతో కొలవాలి. పాలనే తీసుకుందాం. 2009 నడుమ అక్కడి దుకాణంలో గంట కూలికి సుమారు తొమ్మిది లీటర్ల పాలు వచ్చేవి. 2023 చివరకు ఏడు లీటర్లకు అటూఇటూగా పడిపోయాయి. పితికే చేయి అదే, పాలు అవే. చేతికి వచ్చే పాలు మాత్రం రెండు లీటర్లు తగ్గాయి.

ఇంకోవిధంగా చూడండి. 2023 పట్టీలో గంతులేసే దొర ఒక్కడికి 1,454 డాలర్లు పడింది. దొర ఒక్క ప్రదర్శనకు తీసుకున్న ఆ సొమ్ము సంపాదించాలంటే పడుచు రెండువందల గంటలు పొదుగు కింద కూర్చోవాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై అయిదు రోజులు. దొర గంతు వెనుక ఏళ్ల సాధన ఉంది, కాదనలేం. పాలు పితకడం కూడా చేతకానివాడి పని కాదని గేదె తన్నులు తిన్నవారికి తెలుసు.

అమెరికాలో అందరి కూలీ ఇలా ఆగిపోయిందనీ అనుకోరాదు. ముప్పై రాష్ట్రాలు సొంత చట్టాలతో ఎక్కువ కూలి నిర్ణయించుకున్నాయి. పాడి పరిశ్రమలో నిజంగా ఏడు డాలర్లకు మనిషిని కుదుర్చుకోవడం కష్టమే. ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. అయితే ఈ లెక్క కట్టే బ్యాంకు ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే 2025లో కూడా చట్టం చెప్పిన కూలి ఆ ఏడుంపావే. దాని సరిహద్దు రాష్ట్రాలు ఆరింటిలోనూ అంతకంటే ఎక్కువ ఉంది. గట్టు దాటితే కూలి పెరుగుతుంది, గట్టు ఇవతల పెరగదు.

తాడు కట్టారా, లేదా?

అసలు కీలకం ఇక్కడుంది. ధరల సూచీ అనేది ధర ఎంత పెరిగిందో చెబుతుందే తప్ప, కూలిని దానంతటది పెంచదు. సూచీకీ కూలికీ మధ్య ఎవరో తాడు కట్టాలి. అమెరికాలో వృద్ధులకిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 1975 నుంచి ఆ తాడు ఉంది. ధరలు పెరిగితే పింఛను ఏటా దానంతటదే పెరుగుతుంది. 2023లో 8.7 శాతం పెరిగింది. కనీస వేతనానికి ఆ తాడు లేదు. పార్లమెంటు వంటి వారి కాంగ్రెస్ పూనుకొని కొత్త చట్టం చేస్తేనే పెరుగుతుంది. 2007లో చేసిన చట్టమే ఆఖరిది. అది మూడు విడతలుగా పెంచి 2009లో ఆగింది.

మన దగ్గర సంగతి చూస్తే, సర్కారు ఉద్యోగికి ధరల సూచీతో ముడిపెట్టిన కరువు భత్యం ఉంది. ఉపాధి హామీ కూలికి వ్యవసాయ కార్మికుల ధరల సూచీతో ముడి పెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ కూలి 2022-23లో రోజుకు 257 రూపాయలు. మరుసటి ఏడు 272, 2024-25లో 300, 2025-26లో 307 అయింది. తాడు ఉన్నందువల్ల అమెరికా పడుచు కూలిలా పదహారేళ్లు గడ్డకట్టుకుపోలేదు. ఆ మేరకు మేలే.

అయితే తాడు ఉంటే సరిపోదు. తాడు రెండో కొసన ఉన్న బుట్టలో ఏముందో కూడా చూసుకోవాలి. మన వ్యవసాయ కార్మికుల సూచీ 2025 దాకా 1986-87 సంవత్సరాన్ని ఆధారం చేసుకొని నడిచింది. ఆనాటి పల్లెలో సెల్‌ఫోను లేదు, దాని రీచార్జి లేదు. బిడ్డల కాన్వెంటు ఫీజులు, బైకు పెట్రోలు ఏ కొద్ది ఇళ్లలోనో ఉండేవి. కూలివాడి ఖర్చు మారిపోయినా బుట్ట మాత్రం దాదాపు నలభై ఏళ్లు పాతదే. 1780 నాటి పాటను పట్టుకొని హంసల ధర అడుగుతున్నారని అమెరికా బ్యాంకును చూసి నవ్వుతాం గాని, మన కూలి కట్టిన బుట్టా మరీ కొత్తదేమీ కాదు. 2025లో ఆధార సంవత్సరాన్ని 2019కి మార్చారు. ఆలస్యమైనా జరగాల్సిన పనే. ఆ ఏడు కూలి మీద పెరిగింది మాత్రం ఏడు రూపాయలు. చాలాచోట్ల ఆ డబ్బుకు టీ కూడా రాదు.

రైతుకు కూడా ఇందులో గ్రహించాల్సింది ఉంది. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి రేటు కడతారు. దాణా, తవుడు, గడ్డి ధరలు ఎంత పెరిగాయో చూసి రేటు దానంతటది పెరిగే ఏర్పాటు లేదు. అక్కడా తాడు లేదు. గేదె పోషణ ఖర్చు మేసేవాడికి, ఎండేవాడికి వదిలేశారు. పాట ఖరీదు కట్టినవారు ఆవుల ధర, మేత ఖర్చు వదిలేసి పడుచుల కూలి మాత్రం వేసినట్టే ఉంది ఈ తీరు.

పై సంవత్సరం కూడా బ్యాంకువారు ఈ లెక్క కడతారు. పత్రికలన్నీ హంసల ధర, ఉంగరాల ధర పెద్ద అక్షరాల్లో వేస్తాయి. కాని ఆ పట్టీలో ముందుగా చూడవలసింది ఎనిమిదో వరస. 58 కాస్తా 59 అయిందా అన్నదే అసలు వార్త.